ఊరుకోవడం తెలిసిన కెప్టెన్

కెప్టెన్ గారు పోయారన్న కబురు అందేసరికి నేను విశాఖపట్నం విమానాశ్రయంలో ఆయన నేర్పిన పనే చేస్తున్నాను. అంటే ఏ పనీ లేకుండా కూర్చున్నాను. మా కంపెనీ పెద్దాయన మీటింగుకని ఊళ్ళోకి వెళ్ళారు, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తామన్నారు. ఆయన మధ్యాహ్నం అన్నారంటే దీపాలు పెట్టే వేళ అని మాకు అలవాటే. ఫోనులో కెప్టెన్ గారి అమ్మాయి గొంతు నెమ్మదిగానే ఉంది. భోంచేసి, పడక్కుర్చీలో వాలి, అలాగే వెళ్ళిపోయారట. ఎవరినీ కంగారు పెట్టలేదట.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపు కంటే ముందు ఊరట కలిగింది. ఆసుపత్రుల చుట్టూ తిరిగిన ఇంట్లో పెరిగినవాణ్ణి. మనిషి ఎలా పోయాడన్నది మా వైపు చిన్న విషయం కాదు. హమ్మయ్య, సుళువుగా దిగారు అనుకున్నాను. ఆయన వాడే మాటా అదే. రేడియోలో తప్ప ఎక్కడా 'లాండింగ్' అనేవారు కాదు. 'దించడం' అనేవారు. "పెద్దాయన్ని ఢిల్లీలో దించి వచ్చాం" అని ఆయన చెబుతుంటే వినేవాళ్ళు కారు డ్రైవరు కాబోలు అనుకునేవారు. ఆయన అనుకోనిచ్చేవారు.

ఒక రకంగా అది అబద్ధమూ కాదు. మాది టికెట్లు అమ్మే విమానం కాదు. ఒక కంపెనీ తన పెద్దల రాకపోకలకి ఉంచుకున్న ఎనిమిది సీట్ల విమానం. ముగ్గురు పైలట్లం, ఒక ఇంజనీరు, హైదరాబాదులో ఒక షెడ్డు. పెట్టెలు మోసేదీ మేమే, మంచినీళ్ళ సీసాలు సర్దేదీ మేమే, పెద్దాయన మనవడు వాంతి చేసుకుంటే తుడిచేదీ మేమే. అలా తుడుస్తుండగా ఒకసారి నేను మొహం చిట్లించాను. కెప్టెన్ గారు గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, "ఒగ్గీ గుంటడా, నీకు పిల్లలు పుట్టాక నేర్చుకుందువు" అని తనే తుడిచారు. ఆయన నెత్తిన అప్పటికే ఒక్క నల్ల వెంట్రుక లేదు.

ఆయన మెడకి టై ఉండేది కాదు, జేబులో ఉండేది. చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవారు. పెద్దాయన కారు గేటు దాటిందని కబురు వచ్చాక తీసి కట్టుకునేవారు. అప్పటిదాకా రెక్క నీడన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆ కుర్చీ వీపు ఎప్పుడూ గేటువైపే. ఎందుకలాగని ఒకరోజు అడిగితే, "గేటుకేసి సూత్తా కూకుంటే గంట కాస్తా రెండు గంటలవుద్ది" అన్నారు. పేపరు చదివేవారు కాదు, ఫోను చూసేవారు కాదు. పక్కన పలాస జీడిపప్పు పొట్లం ఉండేది. ఒక్కొక్క పప్పునీ గోటితో బద్దలు చేసి ఒక బద్ద తను నోట్లో వేసుకుని, రెండోది ఎవరు దగ్గరుంటే వాళ్ళకిచ్చేవారు. ఇంధనం పట్టేవాళ్ళకి, సెక్యూరిటీవాళ్ళకి, ఒకసారి తనిఖీకి వచ్చిన పెద్ద అధికారికి కూడా అలా ఒక్క బద్దే దక్కింది.

ఎవరికీ 'వద్దు' అని చెప్పడం నేను వినలేదు. అలాగని ఎవరు రమ్మంటే అటు ఎగిరే మనిషి కాదు. ఒక చలికాలం పొద్దున్న మేం దిగాల్సిన ఊళ్ళో మంచు కమ్మేసి ఉంది. పెద్దాయనకి అక్కడ ఏదో సంతకాల పని, తొందరలో ఉన్నారు. మెట్ల దగ్గరికి వచ్చి, "ఏం కెప్టెన్, బయల్దేరదామా?" అన్నారు. కెప్టెన్ గారు ఎంతో మర్యాదగా, "ఇడ్లీ తిని వెళదామండి, తెప్పించాను" అన్నారు. పెద్దాయన ఆయన మొహంలోకి చూసి వెనక్కి వెళ్ళి కూర్చున్నారు. మంచు విడేదాకా అందరం ఇడ్లీలు తిన్నాం. ఇడ్లీ మాట వచ్చిందంటే ఆ రోజు ఇక బతిమాలి లాభం లేదని ఆఫీసులో అందరికీ తెలిసిపోయింది.

ఉద్యోగానికి ఎవర్ని తీసుకోవాలన్నది కంపెనీ ఆయనకే వదిలేసింది. నాకంటే ఎక్కువ గంటలు నడిపినవాళ్ళు, విదేశాల్లో నేర్చుకున్నవాళ్ళు వచ్చి తిరిగి వెళ్ళారు. ఒకాయన పరీక్షలన్నీ బాగా రాశాడట. కానీ కెప్టెన్ గారిని తన కారులో హోటలుకి తీసుకువెళుతూ దారి పొడుగునా హారన్ కొట్టాడట. అంతే. "ఇమానం నడపడం ఎవడికైనా నేర్పీయొచ్చు. ఊరుకోడం నేర్పలేం" అనేవారు.

మా నాన్నకి ఫోన్ చేసి కబురు చెప్పాను. "మనూరు వొచ్చినాడు కదేటి, ఒకపాలి" అన్నాడు. వచ్చారు. ఆ రావడం గురించే చెప్పాలి.

మాది సోంపేటకి ఇవతల ఉద్దానంలో ఒక చిన్న ఊరు. కొబ్బరి, జీడి, మునగ. నాన్నకి కిడ్నీల జబ్బు. మా వైపు ఆ మాటకి వివరణ అక్కర్లేదు, వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఒంట్లో రక్తాన్ని యంత్రంలోకి తీసి శుభ్రం చేసి ఎక్కించే డయాలసిస్ కోసం రోజు విడిచి రోజు పలాస తీసుకెళ్ళాలి. నేను పైలట్ లైసెన్సు పుచ్చుకుని కూడా మూడేళ్ళకి పైగా ఊళ్ళోనే ఉన్నాను. పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్ళు లేరు, నాన్నని రోజు విడిచి రోజు ఆటోలో పంపే స్తోమత లేక నేనే తిప్పేవాణ్ణి. పాత కారు ఒకటి ఉండేది. పైలట్ అని ఊళ్ళో అందరూ పిలిచేవారు గానీ నడిపింది మాత్రం దాన్నే.

ఒకసారి ఎక్కడో దూరాన ఇంటర్వ్యూకి వెళితే, "ఉద్దానం అంటే ఆ కిడ్నీల ఊళ్ళేనా?" అని అడిగారు. అవునన్నాను. తర్వాత మళ్ళీ పిలవలేదు. కారణం అదేనో, నాకంటే మంచివాడు దొరికాడో నాకు తెలియదు. మా నాన్నకి మాత్రం తెలిసిపోయింది. "నా జబ్బే నీ కాళ్ళకి అడ్డం పడింది" అని మంచం పట్టినంత పని చేశాడు. మా ఊళ్ళకి సంబంధాలకి వచ్చేవాళ్ళు జాతకం కంటే ముందు రక్తపరీక్ష అడుగుతారు. చెల్లెలి పెళ్ళిచూపుల రోజున నాన్న తనంతట తనే మందస వెళ్ళి సాయంత్రందాకా బస్టాండులో కూర్చున్నాడు. కాబట్టి దాక్కోవడం ఆయనకి కొత్త కాదు. "ఇంకెక్కడికెల్లినా ఉద్దానం అనకు, పలాస అను. అబద్దం కాదు కదేటి, రైలు దిగేది పలాసలోనే కదా" అని నాకు పాఠం చెప్పాడు.

అలాంటి రోజుల్లో, నాకు విమానం నేర్పినాయన ద్వారా నా సంగతి తెలిసి, కెప్టెన్ గారు ఫోన్ చేశారు. తనది టెక్కలి పక్క రావివలస అని చెప్పారు. ఏటా కార్తీకంలో ఒక సోమవారం ఎండల మల్లన్న దర్శనానికి వస్తారట. "పలాసలో దిగుతాను. కారు ఉంటే రావివలస తీసుకెళ్ళి, సాయంత్రం రైలెక్కించు. దారిలో మాట్లాడుకుందాం" అన్నారు. సరేనన్నాను. సోమవారం నాన్న డయాలసిస్ రోజు. ముందు నాన్నని దింపి, తర్వాత స్టేషనుకి వెళ్ళొచ్చులే అనుకున్నాను. ఎన్నడూ లేనిది ఆ రోజు రైలు ముందొచ్చింది. మేం పలాసని ఆనుకున్న కాశీబుగ్గ చేరకుండానే ఆయన ఫోన్ చేసి దిగిపోయానన్నారు.

పెద్దమనిషిని నిలబెట్టకూడదని కారు తిన్నగా స్టేషనుకే పోనిచ్చాను. స్టేషను కనబడగానే నాన్న వెనక సీట్లోంచి, "ఒరే, నాను నీ నాన్నని అనకు. పక్కింటోడిని అని సెప్పు" అన్నాడు.

"ఎందుకు నాన్నా?"

"సెప్పినట్టు సెయ్. ఇది కూడా పోతే నాను బతికుండీ దండగే."

నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. ఈలోగా కెప్టెన్ గారు సంచీ చంకన పెట్టుకుని రానే వచ్చారు. ముందు తలుపు తీశాను. "నేను వెనక కూర్చుంటాను" అని నాన్న పక్కన చేరారు.

"నమస్కారమండి. మీరు?" అని అడిగారు.

"నాను ఈల పక్కింటోడిని బాబూ. ఆస్పత్రికి ఎల్లాల. ఈ గుంటడు పలాస వత్తన్నాడంటే ఎక్కీసినాను."

"ఆస్పత్రిలో ఏటి పని మావా?" కెప్టెన్ గారు అంతలోనే మా మాటలోకి దిగిపోయారు.

"మావూరి జబ్బే బాబూ, కిడ్నీలు. ఈల ఇంట్లో మాత్రం ఎవలికీ నేదు."

"అలగా. మంచిదే."

అక్కడితో ఆపితే బాగుండేది. మా నాన్న జన్మలో అబద్ధాలాడి ఎరగడు. ఎరగనివాడు ఆడితే మోతాదు తెలియదు. "ఈడి నాన్నయితే రాయిలాగుంటాడు బాబూ. ఈ వయసులో కూడా కొబ్బరి సెట్టెక్కీగల్డు. నిన్న కూడా ఎక్కినాడు" అన్నాడు. అద్దంలో చూస్తే కెప్టెన్ గారు ఎంతో శ్రద్ధగా వింటున్నారు. "ఏ సెట్టు మావా, పొట్టిదా పొడుగుదా?" అని కూడా అడిగారు. పొడుగుదే అన్నాడు నాన్న.

డయాలసిస్ సెంటర్ ముందు కారు ఆపి, దిగి, అలవాటు కొద్దీ వెనక తలుపు తీసి నేల మీద కూర్చున్నాను. నాన్న పాదాలు వాచి ఉంటాయి, వంగలేడు. రెండు కాళ్ళకీ చెప్పులు తొడిగి, మడమల దగ్గర పట్టీ సర్దాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. తల ఎత్తితే కెప్టెన్ గారు చూస్తున్నారు. నాన్న గబగబా, "ఈ గుంటడు అందరికీ ఇలగే సేత్తాడు బాబూ. ఊరందరికీ" అన్నాడు.

రావివలస దాకా ఆయన విమానాల ఊసే ఎత్తలేదు. ఏ మలుపులో బస్సులు ఎదురొస్తాయి, వానాకాలంలో ఏ కల్వర్టు మునుగుతుంది అని రోడ్డు గురించే అడిగారు. గుడి దగ్గర సోమవారం జనం. అక్కడి మల్లన్నకి పైన కప్పు ఉండదు, అంత పెద్ద లింగమూ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ ఉంటుంది. కెప్టెన్ గారు ఎండలో చేతులు జోడించి చాలాసేపు నిలబడ్డారు. బయటికి వచ్చాక జీడిపప్పు పొట్లం తీసి, ఒక పప్పు రెండు చేసి, నా బద్ద నాకిచ్చి, మామూలుగా అడిగారు.

"మీ ఊర్లో పక్కింటోలకి సెప్పులు తొడుగుతారేటి?"

"అంటే... అది కాదండి..." అన్నాను.

"ఊరుకో" అన్నారు.

అంతే అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. రోగం సంగతి ఒకటి, దాన్ని దాచడం ఇంకొకటి. ఏదో ఒకదాన్ని క్షమిస్తారేమో గానీ రెండూ కలిపి ఎవరు క్షమిస్తారు? తిరుగు దారిలో ఇంక నాకు ఆశ లేదు. ఆశ లేకపోయేసరికి ఒక రకంగా తేలికగా కూడా ఉంది, ఆయన ఎలా చూస్తున్నారన్నది మరిచిపోయి కారు నడిపాను.

పలాసలో నాన్న ఇంకా యంత్రం మీదే ఉన్నాడు. హాల్లో రోగుల తాలూకు మనుషులందరూ లోపలి తలుపుకేసి చూస్తూ కూర్చున్నారు. కెప్టెన్ గారు ఒక కుర్చీ లాక్కుని ఆ తలుపుకి వీపు పెట్టి కూర్చున్నారు. వచ్చేపోయేవాళ్ళకి తలా ఒక బద్ద అందింది. మందసనుంచి వచ్చిన ఒక ముసలమ్మ, "ఎవలి కోసం బాబూ?" అని అడిగితే, "మా మావ కోసం" అన్నారు.

నాన్న బయటికొచ్చేసరికి పిండేసిన గుడ్డలా ఉన్నాడు, ఎప్పుడూ అంతే. కెప్టెన్ గారు రైలుకి ఇంకా చాలా వ్యవధి ఉందన్నారు. "పద మావా, మీ ఇంటికాడ దింపుతాం."

నాన్న మొహంలో అప్పటిదాకా మిగిలిన కాస్త రక్తం కూడా పోయింది. "వద్దు బాబూ, నాను ఆటో ఎక్కీసి పోతాను" అన్నాడు. కెప్టెన్ గారు అప్పటికే వెనక సీట్లో కూర్చుని ఆయన కోసం చోటు చూపిస్తున్నారు.

డయాలసిస్ అయిన మనిషికి కుదుపు పడదు. కాళ్ళు కొంకర్లు పోతాయి, కళ్ళు తిరుగుతాయి. అందుకని ఆ రోడ్డు నా అరికాలికి కంఠతా వచ్చేసింది. గొయ్యి రాకముందే కాలు తీసేయడం, స్పీడ్ బ్రేకరుని ఒక్కొక్క చక్రంతో ఏటవాలుగా ఎక్కి దిగడం, ముందు ఆవులు కనబడితే బ్రేకు దాకా పోకుండా దూరంనుంచే వేగం చంపుకోవడం. ఇది ఒక విద్య అని నాకు తెలియదు. మా ఊళ్ళో ఆటోవాళ్ళు కూడా ఇలాగే నడుపుతారు, వాళ్ళకీ తెలియదు. మందస దాటక ముందే నాన్న నిద్రపోయాడు. తల జారి కెప్టెన్ గారి భుజం మీద పడింది. ఆయన చెయ్యి కదపలేదు. చొక్కా మీద చొంగ పడినా తుడుచుకోలేదు.

"ఎన్నాళ్ళుగా తిప్పుతున్నావు?" అని మెల్లగా అడిగారు.

"మూడేళ్ళు దాటిందండి."

మా వీధిలోకి తిరగ్గానే నాన్న ఉలిక్కిపడి లేచాడు. "ఇక్కడే, ఇక్కడే ఆపు" అన్నాడు. అది నిజంగానే పక్కింటివాళ్ళ గేటు. నేను చెప్పులు తొడిగేలోగానే వట్టి కాళ్ళతో దిగి, ఆ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. తూలకుండా ఉండడానికి దాన్నే గట్టిగా పట్టుకున్నాడు. మా అరుగు మీదనుంచి అమ్మ చూసింది. "అదేటి, ఆలింటికాడ దిగిపోనావు? తల తిరుగుతందేటి?" అని గాభరాగా అడిగింది.

నాన్న అమ్మకేసి చూడలేదు, కెప్టెన్ గారికేసి చూడలేదు. గేటు ఊచలకేసి చూస్తున్నాడు. ఆ మనిషిని అలా చూడడం కంటే ఉద్యోగం రాకపోవడమే నయమనిపించింది నాకు.

కెప్టెన్ గారు కారు దిగారు. నాన్న దగ్గరికి వెళ్ళి, అమ్మ మాట అసలు విననట్టే, "మావా, నాకొక సాయం సెయ్యాల" అన్నారు. "ఈడి నాన్న కొబ్బరి సెట్టు దిగినాక ఒక మాట సెప్పు. గుంటణ్ణి మా ఇమానానికి తీసుకున్నాం అనీసి."

నాన్న తల ఎత్తాడు.

"మిగతాదంతా మేం నేర్పుకుంటాం. ఎనకాల కూకున్నోడు పడుకున్నాడు మావా. మా ఉద్యోగంలో అంతకంటే కావలసింది ఏటీ నేదు."

నాన్న అడిగాడు. "మరి... ఆడి నాన్నకి జబ్బుంటే?"

"ఉంటే ఏటి? ఇమానం నడిపేది ఆడు. లైసెన్సుకి ఆడి ఒంటిని డాక్టర్లు సూసినారు, బాగుందన్నారు. ఆల నాన్న ఒళ్ళు ఆల నాన్నది."

నేను కారుకి ఆనుకున్నాను. మూడేళ్ళుగా గుండెల మీద ఉన్న బండ ఎవరో రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, ఊపిరి తీసుకోవడమే కొత్తగా ఉంది. అమ్మకి ఏమీ అర్థం కాక నాకేసీ నాన్నకేసీ చూస్తోంది.

నాన్న గేటు వదిలేశాడు. "నానే బాబూ" అన్నాడు. "ఆడి నాన్నని నానే."

కెప్టెన్ గారు ఆశ్చర్యం నటించలేదు, తెలుసుననీ అనలేదు. జేబులోంచి టై తీసి, అక్కడే ఎండలో నిలబడి మెడకి కట్టుకున్నారు. ముడి సరిచూసుకుని, అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు నాన్నకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. "నమస్కారమండి. మీ అబ్బాయిని మాకివ్వండి" అన్నారు.

నాన్న దణ్ణం పెట్టబోయి, పెట్టలేక, ఆ చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి, మరో పక్క నవ్వుతున్నాడు కూడా.

"పొద్దున్నించీ నా కొడుకుని ఎవలి కొడుకో అనీసి సెప్పి సెప్పి, నోరంతా సేదెక్కిపోనాది బాబూ" అన్నాడు.